వేలు వాళ్లది, భయం మనది

మా గేటెడ్ కమ్యూనిటీ జనరల్ బాడీ సమావేశంలో పోయిన నెల ఒక తీర్మానం చదివారు. ఇకమీదట లోపలికి వచ్చే పనివాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, తోటమాలులు గేటు దగ్గర యంత్రం మీద వేలిముద్ర వేయాలి, కెమెరాకు ముఖం చూపించాలి. ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మాత్రం అది వాళ్ల ఇష్టం. కారు అద్దానికి అంటించిన ట్యాగ్ ఉంటే చాలు. ఒకరిద్దరు గోప్యత మాట ఎత్తబోతే కమిటీలో పెద్దాయన ఒకరు లేచి, "తప్పు చేయనివాడికి భయమెందుకండీ? భద్రత కావాలంటే గోప్యత కొంత వదులుకోవాలి. రెంటికీ సమతూకం ఉండాలి కదా" అన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. కోరం చాలక ఓటింగు మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఆ మాట ఆయన ఒక్కరిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట, నార్సింగి, ఎక్కడ కొత్త టవర్లు లేస్తే అక్కడ ఇదే వినిపిస్తోంది. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే, బిల్డర్ల బ్రోషర్లలో ఇదే, సెక్యూరిటీ పరికరాలు అమ్మడానికి వచ్చేవాళ్ల నోట కూడా ఇదే. ఆఫీసులో డేటా భద్రత గురించి ఇతరులకు శిక్షణ ఇచ్చేవాళ్లు సైతం తమ ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి ఈ వాదనకు తలూపుతున్నారు. వినడానికి పెద్దమనిషి తీర్పులా ఉంటుంది కాబట్టి ఎవరూ విప్పి చూడరు. విప్పి చూస్తే అందులో సమతూకం లేదు.

తన భద్రత కోసం తన గోప్యతలో కొంత వదులుకుంటానని ఒక మనిషి అంటే అది ఆ మనిషి ఇష్టం. శంషాబాద్ విమానాశ్రయంలో డిజియాత్ర కెమెరా ముందు నిలబడేవాళ్లు చేస్తున్నది అదే. ఇష్టం లేనివాళ్లు పక్కనున్న మామూలు వరుసలో టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి పోవచ్చు. మా తీర్మానం అలాంటిది కాదు. ఇందులో భద్రత ఫ్లాటు యజమానిది, వేలిముద్ర అంట్లు తోమే మనిషిది. త్రాసులో ఒక పళ్లెంలో మన భయం, రెండో పళ్లెంలో ఆమె చెయ్యి పెట్టి, ముల్లు సరిగ్గా నిలిచిందని మనకు మనమే చెప్పుకుంటున్నాం.

మన భయం ఉత్తదని నేను అనను. మా టవర్లో చాలా ఇళ్లలో డెబ్బై దాటిన తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అమ్మ తలుపు ఎవరికి తీస్తోందో, నాన్న మందులు తెచ్చిన కుర్రాణ్ణి లోపలికి రమ్మన్నాడో లేదో, ఇవన్నీ వాళ్లను అక్కడ అర్ధరాత్రి లేపుతాయి. మా అక్క కొడుకు అలా లేచి నాకు ఫోన్ చేసిన రాత్రులు ఉన్నాయి. చిన్నపిల్లల తల్లుల బెంగ ఇంకో రకం. ఈ బెంగలు తీరాలి. అయితే ఈ యంత్రం వాటిని తీరుస్తుందా?

తీర్చదు. రిజిస్టర్ అయిన వేలు ఇప్పుడు గేటు దాటిందని మాత్రమే యంత్రం చెప్పగలదు. ఆ మనిషి మనసులో ఏముందో, చేతిసంచిలో ఏముందో, ఏ అంతస్తులో దిగుతాడో దానికి తెలియదు. ఇంట్లో పనికి కుదిరి, నమ్మకం సంపాదించి, అన్నంలో మత్తుమందు కలిపి యజమానులను దోచుకుపోయిన ముఠాల కేసులు హైదరాబాద్‌లో ఒకటి రెండు కాదు. ఆ దొంగలెవరూ గోడ దూకి రాలేదు. ఇంటివాళ్లే గేటుకు ఫోన్ చేసి పంపమంటే దర్జాగా నడిచి వచ్చారు. వాళ్ల వేలిముద్ర తీసుకుని ఉన్నా యంత్రం ఆకుపచ్చ దీపమే వెలిగించేది. అక్కడ లోపించింది పనికి పెట్టుకునే ముందు చేయవలసిన విచారణ, పాత యజమానికి ఒక ఫోన్ కాల్. ఆ ఓపిక మనకు లేక యంత్రం కొంటున్నాం.

పైగా వేలిముద్రను ఎవరూ దొంగిలించలేరన్న నమ్మకం ఒకటి. మన తెలుగు నేల మీదే అది ఎన్నోసార్లు అబద్ధమని తేలింది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక యువకుడు భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలను ఇంటర్నెట్‌లోంచి దించుకుని, వాటితో రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు ఆక్టివేట్ చేశాడు. ఆ ముద్రలు ఇచ్చిన రైతులు చేసిన తప్పల్లా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బొటనవేలు అద్దడం. హైదరాబాద్ నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య సిబ్బంది హాజరు కోసం పెట్టిన వేలిముద్ర యంత్రాలనూ కృత్రిమ వేళ్లతో మోసం చేసిన సంగతి బయటపడింది. 2022లో ఘట్‌కేసర్ పోలీసులు పట్టుకున్న కేసు ఇంకా విచిత్రం. కువైట్ వెనక్కి పంపేసిన మనుషులు మళ్లీ అక్కడికి పోవడానికి వేలి కొసల చర్మం కోయించుకుని, ముద్ర మార్చుకున్నారు. పొట్టకూటికి వేలు కోయించుకునే మనిషి ఉన్న లోకంలో, ఈ యంత్రం అడ్డుకునేది ఎవరినయ్యా అంటే ఏ ఎత్తూ తెలియని నిజాయితీపరులనే.

తీసుకున్న ముద్రలు దాచిన చోటి నుంచి బయటికి పోవడం ఇంకో సంగతి. 2019 ఆగస్టులో దక్షిణ కొరియాకు చెందిన సుప్రీమా అనే కంపెనీ తయారుచేసిన బయోస్టార్ 2 వ్యవస్థలో పెద్ద లొసుగును పరిశోధకులు కనిపెట్టారు. అది సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న పనికే, భవనాల్లోకి మనుషులను అనుమతించడానికే వాడే వ్యవస్థ. పది లక్షల మందికి పైగా వేలిముద్రలు, ముఖ గుర్తింపు సమాచారం ఎన్‌క్రిప్షన్ కూడా లేకుండా తమ కంటబడ్డాయని వాళ్లు ప్రకటించారు. అంత దూరం పోనక్కర్లేదు. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ మనలో చాలామంది ఫోన్లలో ఉంది. ఇంట్లో పనివాళ్ల వివరాలు పోలీసులకు ఇవ్వడానికి కూడా అదే దారి. 2024లో ఆ యాప్ నుంచి దాదాపు 2 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. గ్రేటర్ నోయిడాలో ఇరవై ఏళ్ల విద్యార్థి ఒకణ్ణి అరెస్టు చేశారు. పోలీసు శాఖ కాపాడలేకపోయిన సమాచారాన్ని, ఏడాదికోసారి మారే మా కమిటీ, ఆరు నెలలకోసారి మారే సెక్యూరిటీ ఏజెన్సీ కాపాడతాయా? మా క్లబ్‌హౌస్ పక్క గదిలోని కంప్యూటర్ పాస్‌వర్డు దాని తెరకే అంటించి ఉండడం నేను కళ్లారా చూశాను.

"వేలిముద్ర బొమ్మ దాచమండీ, దాన్ని అంకెలుగా మార్చి దాస్తాం" అని పరికరాలు అమ్మేవాళ్లు అంటారు. ఆ అంకెల నుంచి యంత్రాన్ని నమ్మించగల వేలిముద్రను తిరిగి గీయవచ్చని 2007 నాటికే పరిశోధకులు చేసి చూపించారు. పాస్‌వర్డు పోతే కొత్తది పెట్టుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్యాంకు ఇంకోటి ఇస్తుంది. పదివేళ్లు పోతే ఏం చేస్తాం? గేటు దగ్గర వేలు పెట్టే పనిమనిషికి, ఊళ్లో ఆధార్‌తో డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర, రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర అదే వేలు కావాలి. మనకు గేటు తాళం అయినది ఆమెకు బతుకు తాళం. మన సౌకర్యం కోసం ఆ తాళపుచెవి నకలు తీసి ఎవరో ఏజెన్సీ కంప్యూటర్లో పెడుతున్నాం.

ఇంతకంటే నన్ను బాధించేది వేరే ఉంది. ఆధునిక వేలిముద్రల చరిత్ర మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే ఆయన మాట తప్పకుండా ఉండాలని ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ఆ ముద్రలను వర్గీకరించే లెక్క తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీకి దక్కింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన కులాలవాళ్లందరి వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. అలాంటి సెటిల్‌మెంట్లలో రోజూ హాజరు, బయటికి పోవాలంటే పాసు. ఏ నేరమూ చేయని పిల్లవాడు కూడా నేరస్థుడి లెక్కలోకే వచ్చేవాడు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. దాని వెనకున్న ఆలోచన రద్దయిందా అని మా తీర్మానం చదివినప్పుడు అనుమానం వచ్చింది. ఫలానా పని చేసేవాళ్లంతా ముందే అనుమానితులు, ఫలానా ఆస్తి ఉన్నవాళ్లంతా ముందే నిర్దోషులు. నివాసులకు ఐచ్ఛికం, పనివాళ్లకు తప్పనిసరి అన్న ఆ ఒక్క వాక్యంలో అంతా ఉంది.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అన్న పెద్దాయనను నేను ఆ రోజే అడిగాను, అయితే మనందరికీ తప్పనిసరి చేద్దామా అని. మన ముఖాలు, మన పిల్లల ముఖాలు, మనం ఏ రాత్రి ఎన్నింటికి వచ్చామో, మనింటికి ఎవరొచ్చి ఎప్పుడు పోయారో ఆ కంప్యూటర్లోకి ఎక్కిద్దామా అని. ఆయన ఒప్పుకోలేదు. "మనది వేరు కదమ్మా" అన్నారు. తప్పు చేయనివాడూ భయపడతాడన్నమాట. ఆ భయానికి విలువ ఇవ్వాల్సి వచ్చింది మాత్రం తన విషయంలోనే.

మా ఇంట్లో పనిచేసే ఆమె పాలమూరు వైపు నుంచి వచ్చింది. పదకొండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు తోముతోంది. పరీక్షగా పెట్టిన యంత్రం దగ్గర ఒక వారం ఆమెకు నరకమే అయింది. ఒకరోజు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నా వేలు పడ్తలేదమ్మా. ఐదుసార్లు పెట్టిన. సెక్యూరిటాయన సబ్బుతోని కడుక్కొని రా అన్నడు. ఇంక ఏం కడగాల్నో" అంటూ చేయి చూపించింది. ఆమె వేళ్ల కొసలు నున్నగా ఉన్నాయి. గీతలు మా గిన్నెల మీద అరిగిపోయాయి. ఇది ఆమె ఒక్కరి గోడు కాదు. వేలిముద్ర పడని సమస్య గురించి కేంద్ర ఆర్థిక సర్వే 2016-17లోనే రాసింది. అందులో మన కృష్ణా జిల్లాలో 5 శాతం, జార్ఖండ్‌లో 49 శాతం వైఫల్యం అని లెక్క ఉంది. తక్కువ అనుకునే ఆ 5 శాతాన్నే మా గేటుకు వేసి చూడండి. రోజూ వచ్చే నాలుగు వందల మందిలో ఇరవై మంది ప్రతి పొద్దునా తాము తామేనని రుజువు చేసుకుంటూ నిలబడాలి. మొదటి ఇంట్లో ఆలస్యానికి మాట పడాలి, చివరి ఇంట్లో జీతం కోత పడాలి. అలా ఆగిపోయేది ఎక్కువ పనిచేసిన చేతులే.

పనివాళ్లను లోపలికి పంపడానికి ఇప్పటికే వాడుతున్న గేటు యాప్‌కు వేలిముద్ర తోడైతే ఇంకో ప్రమాదం ఉంది. మా దగ్గరే ఒక వంటావిడ రెండు నెలల జీతం బకాయి గట్టిగా అడిగింది. ఆ ఇంటివాళ్లు యాప్‌లో ఆమె మీద నమ్మకం లేదని పెట్టారు. మర్నాడు ఆమెకు గేటు తీయలేదు. మిగతా నాలుగు ఇళ్లవాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఒక ఇంటితో వచ్చిన తగవు ఐదిళ్ల కూలిని తీసేసింది. ఆమె మాట వినడానికి ఎవరూ లేరు, అప్పీలు లేదు, కాగితం లేదు. ఇవాళ అది ఒక కమ్యూనిటీ గేటు. ఒకే ఏజెన్సీ, ఒకే సాఫ్ట్‌వేర్ పది కమ్యూనిటీలకు ఉంటే, ఆ వేలు ఈ వైపు ఊరంతా పనికిరాకుండా పోవడానికి ఎంతసేపు పడుతుంది?

"సంతకం పెట్టించుకున్నాం కదా, వాళ్లే ఒప్పుకున్నారు" అంటారు. ఒప్పుకోకపోతే పని పోతుందని తెలిసి పెట్టిన సంతకం అది. 2019లో స్వీడన్‌లో ఒక హైస్కూలు పిల్లల హాజరుకు ముఖ గుర్తింపు వాడితే, తల్లిదండ్రుల అనుమతి ఉన్నా అక్కడి అధికారులు 2 లక్షల క్రోనార్ల జరిమానా వేశారు. బడి మీద ఆధారపడిన పిల్లవాడి ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదన్నారు. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో సెర్కో లీజర్ సంస్థ 38 కేంద్రాల్లో రెండు వేల మందికి పైగా సిబ్బంది హాజరుకు ముఖాలు, వేలిముద్రలు వాడుతుంటే ఆపేయమని సమాచార కమిషనర్ ఆదేశించారు. కార్డుతో అయ్యే పనికి శరీరం ఎందుకన్నదే అక్కడి ప్రశ్న.

మన చట్టం కూడా ఏమీ నోరు మూసుకుని లేదు. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రాథమిక హక్కు ప్రభుత్వం మీద నడుస్తుంది గానీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీద నేరుగా నడవదని మా సమావేశంలో ఒక లాయరుగారు అన్నారు. నిజమే. కానీ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అసోసియేషన్లకూ వర్తిస్తుంది. ఒప్పుకోలు స్వేచ్ఛగా, షరతు లేకుండా, దేనికో స్పష్టంగా తెలిసి ఇచ్చినదై ఉండాలని అది అంటుంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ పోవచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఉద్యోగ అవసరాలకు చట్టంలో మినహాయింపు ఉందని కమిటీ చెప్పుకోవచ్చు. మా ఇంటి పనామెకు జీతం ఇచ్చేది నేను. అసోసియేషన్ ఆమె యజమాని కాదు. ఆ మినహాయింపు వెనక అది దాక్కోవడం న్యాయం కాదు.

గేటు దగ్గరి పాత రిజిస్టరును నేను వెనకేసుకు రావడం లేదు. అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ ఫ్లాటుకు పోతున్నారో బారెడు పుస్తకంలో తెరిచి పెట్టి, తర్వాత వచ్చినవాడు ముందు వచ్చిన ఆడపిల్ల నంబరు చదువుకునేలా ఉంచడం కూడా గోప్యతకు దెబ్బే. అది పోవాలి. దాని బదులు ఫొటో ఉన్న కార్డు చాలు. పనివాళ్లకు, మనకు, కమిటీ అధ్యక్షులకు అందరికీ ఒకే రకం కార్డు. పోతే రద్దు చేసి కొత్తది ఇస్తారు. వచ్చిపోయేవాళ్లకు ఆ పూట పనిచేసే కోడ్ చాలు. రాకపోకల లెక్క ఒక నెల దాటి ఉంచక్కర్లేదు. ఎవరినైనా గేటు దగ్గర ఆపాలంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇక యంత్రానికి కేటాయించిన డబ్బుతో పన్నెండు గంటల డ్యూటీ చేసి కునికే గార్డులను ఎనిమిది గంటల షిఫ్టులకు మార్చవచ్చు. వెనక ప్రహరీ పక్కన ఏడాదిగా వెలగని దీపాలు వేయించవచ్చు. మా కమ్యూనిటీలో జరిగిన రెండు సైకిళ్ల దొంగతనాలూ ఆ చీకట్లోనే జరిగాయి.

ఇది కుదరని పని కాదు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ ప్లాజా టవర్స్ యజమాని అద్దెకున్నవాళ్లకు తాళంచెవి బదులు ముఖ గుర్తింపు పెడతానంటే, ఎక్కువమంది నల్లజాతివాళ్లయిన ఆ అద్దెదారులు ఏకమై ఫిర్యాదు చేశారు. 2019 చివరలో ఆయన ఆ ఆలోచన మానుకున్నాడు. వాళ్ల ముఖాల కోసం వాళ్లే కొట్లాడారు. మా గేటు దగ్గర వరుసలో నిలబడేవాళ్లకు మా సమావేశంలో కుర్చీ లేదు, ఓటు లేదు. అందుకే ఈ కొట్లాట ఓటున్నవాళ్లం చేయాలి.

మా జనరల్ బాడీ వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ కూర్చుంటుంది. ఆ తీర్మానానికి నేను వ్యతిరేకంగా ఓటు వేస్తాను, నా కారణాలు రాతపూర్వకంగా మినిట్స్‌లో నమోదు చేయమని అడుగుతాను. మీ కమ్యూనిటీలో కూడా ఇలాంటి కాగితం వస్తే, చెయ్యి ఎత్తే ముందు మీ ఇంట్లో పనిచేసే మనిషిని ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. ఆమె చెప్పింది సమావేశంలో అందరికీ వినిపించండి.